ఇంటి వైరింగ్ కొటేషన్: రేటు సరైనదేనా అని లెక్క కట్టడం ఎలా

ఒకే ప్లాను చేతిలో పెట్టి ముగ్గురు ఎలక్ట్రీషియన్లను అడిగితే ఒకాయన చదరపు అడుగుకు 28 రూపాయలు అంటాడు, ఇంకొకాయన 40 అంటాడు, మూడో ఆయన పాయింటు (ఒక్కో లైటు, ఫ్యాను, సాకెట్) లెక్కన మొదలుపెడతాడు. ఇల్లు కట్టించేవాళ్లు ఎక్కువగా 28ని చేతిలో పట్టుకుని 40 చెప్పినాయనతో బేరమాడతారు. కానీ ఆ మూడు రేట్లూ ఒకే పనికి చెప్పినవి కాకపోవచ్చు. గోడలు కోసే పని ఎవరిది, ఫ్యాన్లు బిగించేది ఎవరు, ఎర్తింగ్ గుంత ఎవరు తవ్విస్తారు, ఫాల్స్ సీలింగ్ వేస్తే మళ్లీ డబ్బులా అన్నవి తేలకుండా రేట్లు పోల్చి లాభం లేదు.

తెలుగు రాష్ట్రాల్లో సొంత ఇళ్లకు ఎక్కువగా నడిచేది లేబర్ కాంట్రాక్టు. సామాను యజమాని కొంటాడు, పని ఎలక్ట్రీషియన్ చేస్తాడు. అడుగు లెక్కన మాట్లాడుకుంటే మొదట తేల్చాల్సింది ఏ అడుగు అన్నది. లోపలి గదుల కొలతా, బాల్కనీ, వరండా, మెట్ల గది కలిపిన స్లాబ్ కొలతా? గదుల లెక్కలో 1200 అడుగులున్న ఇంటికి స్లాబ్ 1380 దాకా రావచ్చు. అడుగుకు 40 చొప్పున ఆ తేడాయే 7,200 రూపాయలు. ఆఖరి బిల్లు రోజున జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. ఇందులో ఎవరి మోసమూ ఉండకపోవచ్చు, కొలత గురించి ముందు ఎవరూ అడగలేదంతే.

పాయింటు లెక్క దీనికన్నా మేలు, కానీ అందులోనూ మెలికలున్నాయి. లైటుకు ఒక పాయింటు అని అందరూ ఒప్పుకుంటారు. మరి అదే బోర్డులో ఉన్న 6 ఆంపియర్ల సాకెట్? దానికి విడిగా పైపు లేదు, బోర్డులోనే రెండు ముక్కల వైరుతో అయిపోతుంది. కొందరు దాన్ని అర పాయింటుగా, కొందరు పూర్తి పాయింటుగా లెక్కేస్తారు. మెట్ల దగ్గర కిందా పైనా స్విచ్చులతో వెలిగే టూ-వే లైటు చూడ్డానికి ఒకటే, పని మాత్రం రెండు పాయింట్లది. ఏసీ లైనును రెండు లేదా మూడు పాయింట్లుగా లెక్కించడం అన్యాయమేమీ కాదు. 4 ఎంఎం వైరు (తీగ అడ్డుకోత 4 చదరపు మిల్లీమీటర్లు) డీబీ నుంచి, అంటే ఇంట్లోని లైన్లన్నీ బయల్దేరే పెట్టె నుంచి, నేరుగా లాగాలి, అది మొండి వైరు. కేంద్ర ప్రజా పనుల శాఖ రేట్ల పుస్తకం ఈ చిక్కును తెలివిగా విడదీసింది. స్విచ్ బోర్డు నుంచి లైటు దాకా ఉన్నది పాయింటు, డీబీ నుంచి స్విచ్ బోర్డు దాకా వచ్చేది సర్క్యూట్ వైరింగ్. మొదటిదానికి పాయింటుకు ఇంతని, రెండోదానికి మీటరుకు ఇంతని కడతారు. టూ-వే లైటుకు అందులో వేరే పద్దు ఉంటుంది. ప్రైవేటు కొటేషన్లో కూడా ఈ విభజన అడిగితే సగం గందరగోళం పోతుంది.

ఇక లెక్కలోకి దిగాలంటే ఒక ఇల్లు తీసుకోవాలి. 1200 అడుగుల స్లాబ్, రెండు పడక గదులు, రెండు బాత్రూములు, ఒకే అంతస్తు. లైట్లు 22, ఫ్యాన్లు 5, ఎగ్జాస్టులు 3, కాలింగ్ బెల్ 1, 6 ఆంపియర్ల సాకెట్లు 18, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, వంటగది సామాన్లకు 16 ఆంపియర్ల సాకెట్లు 7, గీజర్లు 2, ఏసీలు 3, టీవీ, ఇంటర్నెట్ లైన్లు 3. మొత్తం 64 పాయింట్లు. మధ్యతరగతి ఇంటికి ఇది మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. అడుగుకు 40 అంటే 48,000 రూపాయలు, అంటే పాయింటుకు 750. అదే 1200 అడుగుల ఇంట్లో 45 పాయింట్లే ఉంటే పాయింటుకు 1,066 పడుతుంది. అడుగు లెక్క ఎక్కువ పాయింట్లు పెట్టించుకునేవాళ్లకు కలిసొస్తుంది, తక్కువ పెట్టించుకునేవాళ్లకు నష్టం.

750 ఎక్కువా తక్కువా అన్నది పని దినాల్లోకి మారిస్తే తేలుతుంది. ఎలక్ట్రీషియన్, హెల్పర్ ఇద్దరి జంట ఈ ఇంటికి పెట్టే రోజులు సుమారుగా ఇలా ఉంటాయి. స్లాబుకు ముందు పైపులు, ఫ్యాన్ బాక్సులు పరవడానికి 2 రోజులు. గోడలు కోసి, పైపులు, బోర్డు బాక్సులు బిగించడానికి 7. వైర్లు లాగడానికి 5. స్విచ్చులు, సాకెట్లు కట్టడానికి 4. లైట్లు, ఫ్యాన్లు, ఎగ్జాస్టులు పెట్టడానికి 3. డీబీ, మెయిన్ లైను, ఎర్తింగ్ కలిపి 2. మొత్తం 23 రోజులు. ఎలక్ట్రీషియన్‌కు రోజుకు 1,100, హెల్పర్‌కు 700 అనుకుంటే జంటకు 1,800. మీ ఊళ్లో నడిచే కూలి వేరేలా ఉంటే ఆ అంకె వేసుకోవాలి. 23 రోజులకు 41,400 అవుతుంది. కట్టర్ బ్లేడ్లు, డ్రిల్లు బిట్లు, పెట్రోలు, మేస్త్రీ రాక పని ఆగిపోయిన రోజులు, కాంట్రాక్టరు లాభం, వీటన్నిటికీ కలిపి 15 శాతం వేస్తే 47,600 దాటుతుంది. అంటే 40 చెప్పినాయన దాదాపు సరైన రేటే చెప్పాడు.

ఇదే లెక్కను 28 చెప్పినాయన మీద తిప్పి వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. 33,600లోంచి ఆ 15 శాతం తీసేసి 1,800తో భాగిస్తే పదహారు రోజులు వస్తాయి. మిగతా ఏడు రోజుల పని ఎక్కడికి పోయింది? చాలాసార్లు జవాబు సూటిగానే ఉంటుంది: గోడల కోత ఆ రేటులో లేదు, అది యజమాని విడిగా చేయించుకోవాలి. అలా కాకుండా ‘అన్నీ కలిపే’ అంటే వైర్లు లాగడం, బోర్డులు కట్టడం హెల్పర్‌కు వదిలేసి అసలు మనిషి ఇంకో సైటులో ఉంటాడని అనుకోవాలి. రెండో సంగతే ఎక్కువ ప్రమాదం. బోర్డులో స్క్రూ సరిగా బిగించని 16 ఆంపియర్ల సాకెట్ ఏడాది తర్వాత గీజరు దగ్గర నల్లబడుతుంది. అప్పుడు తప్పు ఎవరిదో తేల్చేవాళ్లుండరు.

సామానుతో కలిపి కాంట్రాక్టు ఇస్తే రేటు ఎటు పోయిందో కనిపెట్టడం కష్టం. వైర్ల మీద ముద్రించిన ధరకూ దుకాణంలో అసలు బిల్లు అయ్యే ధరకూ పెద్ద తేడా ఉంటుంది. కొటేషన్లో ముద్రించిన ధర వేసి, ‘దాని మీద పది శాతం తగ్గించాను’ అంటే అది తగ్గింపే కాదు. దానికి తోడు వైర్ల కంపెనీలు ఎలక్ట్రీషియన్లకు కాయిల్‌కు ఇన్ని పాయింట్లని బహుమతి పథకాలు నడుపుతాయి, దుకాణాలు కమీషన్ ఇస్తాయి. ఇది దాచుకోవాల్సిన విషయమేమీ కాదు, ఈ వ్యాపారం నడిచే తీరే అది. కాకపోతే లేబర్ రేటు అనుమానం వచ్చేంత తక్కువగా ఉండి, సామాను ‘ఫలానా దుకాణంలోనే’ కొనాలని పట్టుబడితే తగ్గించిన కూలి ఎటు నుంచి తిరిగొస్తుందో అర్థం చేసుకోవచ్చు.

అందుకే వైరు ఎంత కావాలో యజమాని కూడా సుమారుగా తెలుసుకుని ఉండాలి. పైన చెప్పిన ఇంటికే చూద్దాం. బోర్డు నుంచి లైటుకో ఫ్యానుకో సగటున 7 మీటర్ల దారి, కరెంటు వెళ్లే ఫేజ్, తిరిగొచ్చే న్యూట్రల్ కలిపి 14 మీటర్లు. అలాంటివి 31 ఉన్నాయి కాబట్టి 434 మీటర్లు. డీబీ నుంచి ఆరు లైటింగ్ సర్క్యూట్లు, ఒక్కోటి 12 మీటర్లు, రెండు వైర్లు: 144. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు ఎనిమిది చోట్ల 8 మీటర్ల చొప్పున: 128. మొత్తం 706, వృథాకు పదో వంతు కలిపితే 777. కాయిల్ 90 మీటర్లు కాబట్టి 1.5 ఎంఎం వైరు తొమ్మిది కాయిళ్లు. పచ్చ రంగు ఎర్త్ వైరు బోర్డుల దాకానే తెస్తే రెండు కాయిళ్లు, ప్రతి లైటుకూ ఫ్యానుకూ తీసుకెళ్తే నాలుగైదు. 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 ఎంఎం, ఏసీలకు గీజర్లకు 4 ఎంఎం, ఎరుపు, నలుపు, పచ్చ ఒక్కో రంగు ఒక్కో కాయిల్ చొప్పున ఆరు కాయిళ్లు. మీటరు నుంచి డీబీకి వచ్చే మెయిన్ వైరు దూరాన్ని బట్టి విడిగా కొలవాలి. ఇదే ఇంటికి 1.5 ఎంఎం పద్దెనిమిది కాయిళ్లు రాసిచ్చాడంటే ఏ గదికి ఎంత అని అడగడంలో తప్పు లేదు. అలాగే అయిదు కాయిళ్లతో సరిపెడతానంటే ఏ లైను ఎగ్గొడుతున్నాడో చూడాలి. సీలు విప్పని కాయిళ్లు వెనక్కి తీసుకుంటారా అని దుకాణంలో ముందే అడిగి బిల్లు మీద రాయించుకోవడం మంచిది.

కాయిల్ నిజమైనదేనా అని తెలుసుకోవడానికి తూకం కన్నా తేలికైన దారి లేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి 90 మీటర్లు అంటే సుమారు 1.21 కిలోలు. 2.5కు 2.02 కిలోలు, 4కు 3.23 కిలోలు. వైర్లకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 694 తీగ మందాన్ని కాకుండా దాని నిరోధాన్ని కొలుస్తుంది కాబట్టి మంచి రాగి వాడిన కాయిల్లో నాలుగైదు శాతం తక్కువున్నా తప్పుపట్టనక్కర్లేదు. పైన పీవీసీ తొడుగు బరువు కూడా ఉంటుంది గనక మొత్తం కాయిల్ ఇంతకన్నా బరువే తూగాలి. కిలో రాగి 900 రూపాయలు అనుకుంటే ఒకటిన్నర ఎంఎం కాయిల్లో రాగి విలువే దగ్గర దగ్గర 1,100. అలాంటి కాయిల్‌ను 700కే ఇస్తామంటే అందులో మీటర్లు తక్కువుండాలి, తీగ సన్నగా ఉండాలి, లేదా రాగి పూత పూసిన అల్యూమినియం అయ్యుండాలి. పూత పూసినదైతే తీగ కొసను బ్లేడుతో గీరితే తెల్లటి లోపలి భాగం కనిపిస్తుంది. రాగి ధర నెలనెలా మారుతుంది, ఆనాటి ధరతో లెక్క వేసుకోవాలి. ఆరు నెలల కింద ఇచ్చిన కొటేషన్ ఇప్పుడు చెల్లదని ఎలక్ట్రీషియన్ అంటే రాగి ధర చూడకుండా ఆయన్ను తప్పుపట్టకూడదు.

తక్కువ రేటు ఎక్కడ మిగులుతుందో చూడాలంటే డీబీ మూత తీస్తే చాలు. దేశంలో ఇంటి వైరింగ్‌కు వాడే నియమాల ప్రకారం లైట్లు, ఫ్యాన్లు, 6 ఆంపియర్ల సాకెట్లు కలిపి ఒక సర్క్యూట్‌కు పదికి మించకూడదు, లోడు 800 వాట్లు దాటకూడదు. 16 ఆంపియర్ల సాకెట్లు సర్క్యూట్‌కు రెండే. మన ఇంట్లో లైటింగ్ పాయింట్లు, చిన్న సాకెట్లు కలిపి 49, అంటే అయిదు సర్క్యూట్లు తప్పవు, ఆరు ఉంటే హాయి. పవర్ సాకెట్లకు నాలుగు, ఏసీలకు మూడు, గీజర్లకు రెండు. మొత్తం పదిహేను ఎంసీబీలు (లోడు మించితే లైను తెంచే స్విచ్చులు), బోరు మోటారు ఉంటే పదహారు. అదే ఇంటికి ఎనిమిది ఎంసీబీల డీబీ పెట్టి పని ముగించినవాడికి ఎంసీబీల ఖర్చే కాదు, డీబీ నుంచి లాగాల్సిన ఏడు లైన్ల వైరు, రెండు రోజుల పని కూడా మిగిలాయి. యజమానికి మిగిలింది ఎండాకాలంలో ఏసీ, గీజరు, మిక్సీ ఒక్కసారి వేస్తే సగం ఇల్లు చీకటైపోవడం. అది తప్పించుకోవడానికి ఎవరో వచ్చి 2.5 ఎంఎం వైరు మీద 20 ఆంపియర్ల ఎంసీబీ తీసి 32 ఆంపియర్లది పెడతారు. ఇక ఎంసీబీ తొందరగా పడదు (లైను తెంచదు), ఆ లోపు పైపులో వైరు వేడెక్కుతుంది.

ఇంతకన్నా కంటికి కనబడనిది న్యూట్రల్ సంగతి. వైరు ఆదా కోసం రెండు సర్క్యూట్లకు ఒకే న్యూట్రల్ వాడితే సాధారణ ఎంసీబీకి ఏమీ తెలియదు. కానీ ఆ రెంటిలో ఒక్కటే కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కింద ఉంటే, లేదా రెండూ వేర్వేరు ఆర్‌సీసీబీల కింద ఉంటే, లైటు వేసిన ప్రతిసారీ అది పడిపోతుంది. వెళ్లిన ఫేజ్ కరెంటూ తిరిగొచ్చిన న్యూట్రల్ కరెంటూ సమానంగా లేవని దానికి అనిపిస్తుంది. అప్పుడు ‘ఆర్‌సీసీబీ పాడైంది’ అని చెప్పి దాన్ని దాటేసి లైను ఇచ్చేస్తారు. మనిషి ప్రాణం కాపాడే ఒక్క పరికరమూ అలా పక్కకు పోతుంది. అందువల్ల కొటేషన్లో ‘ప్రతి సర్క్యూట్‌కు విడి న్యూట్రల్, ఆర్‌సీసీబీ తప్పనిసరి’ అని ఒక వాక్యం రాయించుకోవడం రేటులో అయిదు రూపాయలు తగ్గించుకోవడం కన్నా విలువైనది.

ఎర్తింగ్ మీద రెండు వైపులా తప్పులు జరుగుతాయి. నాలుగడుగుల రాడ్డు నేలలో దిగ్గొట్టి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తింగ్ అయిపోయిందనేవాళ్లు ఒకవైపు. ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎర్తింగ్‌కు కనీసం రెండున్నర మీటర్ల పొడవు, 38 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు ఉండాలి. మరోవైపు చిన్న ఇంటికి కూడా ‘కెమికల్ ఎర్తింగ్’ (రాడ్డు చుట్టూ రసాయన పొడి నింపేది) పేరుతో పెద్ద మొత్తం వేస్తారు. తేమ నిలిచే నల్లరేగడి నేలలో మామూలు పైపు ఎర్తింగే బాగా పనిచేస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల అడుగు లోతులోనే గ్రానైటు తగిలే చోట సంగతి వేరు, అక్కడ గుంతకే యంత్రం పిలవాల్సి వస్తుంది. ఆ అదనపు ఖర్చు న్యాయమైనదే. ఏది పెట్టినా చివర ఎర్త్ టెస్టర్‌తో కొలిచి ఓమ్‌ల అంకె చూపించమనాలి. ఆ అంకె చెప్పలేనప్పుడు ఖరీదైన గుంత అని వేసిన డబ్బుకు ఆధారం లేదు.

ఎక్కువ అడిగినా న్యాయమే అనిపించే సందర్భాలు ఇంకా ఉన్నాయి. పాత ఇంటిని మళ్లీ వైరింగ్ చేయడం కొత్త ఇంటి కన్నా పాయింటుకు చాలా ఎక్కువే అవుతుంది. పూత అయిపోయిన గోడ కోయాలి, మట్టి ఎత్తిపోయాలి, ఇంట్లో మనుషులున్నారు గనక సాయంత్రానికల్లా ఫ్యాన్లు తిరగాలి. ఫాల్స్ సీలింగ్ వచ్చాక లైట్లకు మళ్లీ డబ్బడగడమూ అంతే. స్లాబులో వదిలిన ఒక పాయింటు నుంచి సీలింగ్ లోపల ఆరు లైట్లకు లైను తిప్పడం, ప్రొఫైల్ లైట్లకు (పట్టీలా వెలిగేవి) కరెంటు ఇచ్చే డ్రైవర్లు బిగించడం మొదటి లెక్కలో లేని పని. సీలింగ్ డిజైను ముందే ఉంటే దాన్ని పాయింట్ల జాబితాలో కలిపేయొచ్చు, లేకపోతే ఒక్కో అదనపు లైటుకు రేటు ముందే మాట్లాడుకోవాలి.

స్లాబ్ పోసే రోజు ఎలక్ట్రీషియన్ మనిషి ఒకరు పైన నిలబడి ఉండటం కూడా రేటులో భాగమేనని రాసుకోవాలి. వైబ్రేటరు తగిలి పైపు ఊడినా, కూలీల కాళ్ల కింద నలిగినా, ఫ్యాన్ బాక్సులోకి సిమెంటు దిగినా అప్పుడే సర్దితే రెండు నిమిషాల పని. తర్వాత తేలితే స్లాబు కింద నుంచి గోడ కోసి కొత్త దారి తీయాలి. దాని ఖర్చు ఎవరిదన్న వాదన తెగదు.

కరెంటు సర్వీసు తెప్పించే ఖర్చును కొందరు వైరింగ్ రేటులో ముద్దగా కలిపి చెబుతారు. విద్యుత్ పంపిణీ సంస్థకు కట్టే మొత్తానికి రసీదు వస్తుంది, దాన్ని విడిగా చూపించాలి. వైరింగ్ పూర్తయిందని లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకంతో ఇచ్చే ధ్రువపత్రానికి కొంత రుసుము తీసుకోవడం మామూలే. ఆ సంతకం చేసేవాళ్లు పని చూశారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

డబ్బు ఎప్పుడు ఎంత ఇవ్వాలన్నది మొత్తం రేటు అంత ముఖ్యం. వైర్లు లాగేసరికి పని మొత్తంలో అరవై శాతం అవుతుంది. అప్పటికే ఎనభై శాతం డబ్బు ఇచ్చేస్తే ఎలక్ట్రీషియన్‌కు మీ ఇంటి కన్నా కొత్త సైటే లాభం. బోర్డులు కట్టడానికి రేపు మాపు అంటూ నెలలు గడుస్తాయి. స్లాబ్ పైపులకు పది శాతం, గోడ పైపులకు పాతిక, వైర్లు లాగాక ఇరవై, స్విచ్చులు, లైట్లు పెట్టాక ముప్పై, పరీక్షలన్నీ అయ్యాక మిగతా పదిహేను అని విడగొడితే గోడ పైపుల దశ నుంచి మిగిలిన పని కన్నా మిగిలిన డబ్బు కాస్త ఎక్కువే ఉంటుంది. అలాగని చేసిన పనికి డబ్బు ఆపి ఏడిపించడమూ పనికిరాదు, హెల్పర్ కూలి ఎలక్ట్రీషియన్ వారం వారం ఇవ్వాలి.

ఆ చివరి పదిహేను శాతం ఇచ్చే ముందు చూడాల్సినవి కొన్నే. ఫ్యాన్లు, లైట్లు బిగించక ముందే, మెయిన్ ఆపి, 500 వోల్టుల మెగ్గర్‌తో వైర్ల ఇన్సులేషన్ కొలిస్తే ఒక మెగా ఓమ్‌కు తగ్గకూడదు. కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ మీది ‘టీ’ మీట నొక్కితే వెంటనే పడాలి. ఒక్కో ఎంసీబీ ఆపి ఏ గదిలో ఏది ఆగిందో చూసి డీబీ మూత మీద రాయించాలి. ఒక లైన్ ఆపితే సంబంధం లేని గదిలో సాకెట్ ఆగిందంటే లైన్లు ఎక్కడో కలిసిపోయాయన్నమాట. ప్రతి సాకెట్‌లోనూ ఎర్త్ వచ్చిందో లేదో చెప్పే చిన్న టెస్టర్ ప్లగ్గు దుకాణాల్లో దొరుకుతుంది. పైపులు ఎటు నుంచి ఎటు వెళ్లాయో ప్లాస్టరింగ్‌కు ముందు ఫోన్లో ఫొటోలు తీసుకోవాలి. తర్వాత గోడకు మేకు కొట్టేటప్పుడు అవే పనికొస్తాయి, ఎన్ని మీటర్ల పైపు నిజంగా వేశారో బిల్లుతో సరిచూసుకోవడానికి కూడా.